అడిగినందుకే పోయిన రక్షణ: లండన్ బ్యాంకులో నిజాం సొమ్ము

1948 సెప్టెంబరు 20న లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకు తన లెడ్జరులో 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులను ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మార్చింది. డబ్బు పోయింది నిజాం ప్రభుత్వ ఖాతా నుంచి, చేరింది బ్రిటన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్‌గా ఉన్న హబీబ్ ఇబ్రహీం రహీంతులా ఖాతాకు. ఆ నెల 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలో అడుగుపెట్టింది. 17న నిజాం లొంగిపోయారు, మర్నాడు జనరల్ చౌధురి ఎదుట సంస్థాన సైన్యం ఆయుధాలు దించింది. ఆ గందరగోళంలోనే బదిలీకి ఆదేశం వచ్చింది. ఆదేశం ఇచ్చిన మంత్రి మోయిన్ నవాజ్ జంగ్ అప్పుడు హైదరాబాద్‌లో లేరు, భద్రతామండలిలో సంస్థానం గోడు చెప్పుకోవడానికి ఐరోపాకు వెళ్లి ఉన్నారు. సెప్టెంబరు 27న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నుంచి బ్యాంకుకు తంతి వెళ్లింది: ఈ బదిలీకి నా అనుమతి లేదు, డబ్బు వెనక్కి వేయండి. బ్యాంకు వేయలేదు. ఆ డబ్బు ఎవరిదో తేలడానికి 2019 అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది.

పైకి చూస్తే ఇది బ్యాంకు మొండితనంలా కనిపిస్తుంది. కానీ ఖాతాలో వేసిన డబ్బు చట్టం దృష్టిలో ఖాతాదారు సొత్తు కాదు, బ్యాంకు అతనికి పడిన బాకీ. రహీంతులా ఖాతాలో జమ పడిన క్షణం నుంచి బ్యాంకు ఆయనకు బాకీదారు. పాత ఖాతాదారు తంతి కొట్టాడని కొత్త ఖాతాదారు సొమ్మును తీసేస్తే రహీంతులా దావా వేస్తారు. రహీంతులాకు చెల్లిస్తే, అధికారం లేని మనిషి సంతకాన్ని నమ్మారంటూ నిజాం దావా వేస్తారు. అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కున్న ఏ బ్యాంకైనా చేసేది ఒక్కటే: ఇద్దరూ కలిసి రాసిస్తే ఇస్తాం, లేదా కోర్టు చెబితే ఇస్తాం అని కూర్చోవడం. ఇక్కడ ఇద్దరూ కలిసి రాసే ప్రశ్నే లేదు. కోర్టు చెప్పే దారిని పాకిస్తాన్ మూసేసింది.

1954లో నిజాం బ్యాంకుపైన, రహీంతులాపైన, బదిలీలో పాత్ర ఉన్నవారిపైన ఇంగ్లండులో దావా వేశారు. పాకిస్తాన్ లేవనెత్తిన అభ్యంతరం చాలా సూటిగా ఉంది: ఇది మా ప్రభుత్వం చేతిలో ఉన్న సొమ్ము, ఒక స్వతంత్ర రాజ్యాన్ని మరో రాజ్యపు కోర్టుకు ఈడ్చడానికి వీల్లేదు. దీన్నే సార్వభౌమ రక్షణ అంటారు. కింది కోర్టు ఒప్పుకుంది, అప్పీలు కోర్టు కాదంది, 1957లో అప్పటి బ్రిటన్ అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ మళ్లీ ఒప్పుకుంది. రహీంతులా ఆ డబ్బు తీసుకున్నది తన ప్రభుత్వం చెబితేనే, దాని తరఫునే. బ్యాంకు నుంచి రాబట్టుకునే హక్కు చట్టరీత్యా ఆయన పేరిట ఉంది. ఆయనపై దావా సాగనిస్తే పాకిస్తాన్‌పై సాగనిచ్చినట్టే అని లార్డ్స్ తేల్చారు. దావా అక్కడితో ఆగిపోయింది.

ఆ డబ్బు పాకిస్తాన్‌దని మాత్రం 1957 తీర్పు ఎక్కడా అనలేదు. నిజాంది కాదనీ అనలేదు. ఆ ప్రశ్నలోకే వెళ్లలేదు. సార్వభౌమ రక్షణ పని తీరే అంత. అది హక్కును తేల్చదు, హక్కు తేల్చే గది తలుపు మూస్తుంది. ఆ గదిలోకి పాకిస్తాన్‌ను ఎవరూ లాగలేరు, దానంతట అదే నడిచి వస్తే మాత్రం ఆపేవారు లేరు. హైదరాబాద్ ఫండ్‌గా పేరుపడ్డ ఈ సొమ్ము తర్వాతి కథంతా ఈ ఒక్క తేడాలో ఉంది.

ఆ తీర్పులో ఇంకో విశేషం ఉంది. అయిదుగురు న్యాయమూర్తులూ ఒకే ఫలితానికి వచ్చినా, వారిలో ఒకరైన లార్డ్ డెన్నింగ్ వేరే దారిన వచ్చారు. ప్రతివాది ఒక రాజ్యం అయినంత మాత్రాన రక్షణ దక్కకూడదు, గొడవ దేని గురించో చూడాలి అన్నారాయన. ఈ గొడవ రెండు ప్రభుత్వాల మధ్య నడిచిన వ్యవహారం గురించి కాబట్టి ఇక్కడ రక్షణ సరే. అదే రాజ్యం వ్యాపారం చేస్తే వ్యాపారి లాగే కోర్టులో నిలబడాలి. పక్కనున్న న్యాయమూర్తులు ఈ మాటకు దూరం జరిగారు. న్యాయవాదులు ఎవరూ వాదించని అంశాలపై మా సహచరుడు మాట్లాడారు, వాటిపై మేం ఏమీ చెప్పడం లేదు అని మర్యాదగానే చెప్పి తప్పుకున్నారు.

దాదాపు 20 ఏళ్లకు డెన్నింగ్ పంతం నెగ్గింది. 1970ల మధ్యలో నైజీరియా తన అవసరానికి, తన రేవుల సామర్థ్యానికి ఎన్నో రెట్లు మించి సిమెంటు కొనుగోలు ఒప్పందాలు చేసుకుంది. లాగోస్ రేవు బయట వందల ఓడలు బారులు తీరాయి. సిమెంటుకు చెల్లింపు హామీగా నైజీరియా కేంద్ర బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్‌లు ఇచ్చింది. కొత్తగా వచ్చిన సైనిక ప్రభుత్వం వాటిపై చెల్లింపులు ఆపేయమంది. స్విస్ కంపెనీ ట్రెండెక్స్ లండన్‌లో దావా వేసింది. మేం ఒక రాజ్యపు కేంద్ర బ్యాంకు, మాకు రక్షణ ఉంది అని బ్యాంకు వాదించింది. 1977లో అప్పీలు కోర్టు ఆ వాదనను తోసేసింది. బెంచిలో ముందున్నది డెన్నింగే. ఒక ప్రభుత్వ శాఖ బజారుకెళ్లి బూట్లో సిమెంటో కొంటే బజారు నియమాలకు లోబడాల్సిందే అని ఆయన రాశారు. సిమెంటు సైనిక బారకాసుల కోసమే కావచ్చు, కొనుగోలు కొనుగోలే.

మరుసటి ఏడాది బ్రిటన్ పార్లమెంటు స్టేట్ ఇమ్యూనిటీ చట్టం చేసింది. అమెరికా అంతకు రెండేళ్ల ముందే, 1976లో, ఇలాంటి చట్టం తెచ్చుకుంది. రెండింటి సారం ఒకటే: రాజ్యానికి రక్షణ ఉంది, కానీ వాణిజ్య వ్యవహారాల్లో లేదు. అర్జెంటీనా తన బాండ్ల చెల్లింపును ఏకపక్షంగా వాయిదా వేసినప్పుడు, దేశ విదేశీ మారకద్రవ్య సంక్షోభాన్ని చక్కదిద్దడానికే ఆ బాండ్లు జారీ చేశామన్న వాదనను 1992లో అమెరికా సుప్రీంకోర్టు పట్టించుకోలేదు. ఎందుకు చేశారన్నది కాదు, చేసిన పని మార్కెట్లో మామూలు కంపెనీ చేసే పనా కాదా అన్నదే చూస్తాం అంది. అప్పు పత్రాలు అమ్మడం ఎవరైనా చేసేదే.

ఇంతవరకూ చూస్తే రాజ్యాలకు, రాజ్య బ్యాంకులకు ఇక దాక్కునే చోటు లేదనిపిస్తుంది. ఇక్కడే రెండో సూత్రం ఎదురవుతుంది. న్యాయవాదులు యాక్ట్ ఆఫ్ స్టేట్ అనే ఈ రాజ్యచర్య సిద్ధాంతాన్ని చాలామంది సార్వభౌమ రక్షణతో కలిపేస్తారు. తేడా పెద్దదే. రక్షణ మనిషిని చూస్తుంది: బోనులో ఉన్నది రాజ్యమా, కాదా? రాజ్యచర్య పనిని చూస్తుంది: ఒక రాజ్యం తన గడ్డ మీద తన అధికారంతో చేసిన పని చెల్లదని ఇంకో దేశపు కోర్టు అనవచ్చా? అందుకే రాజ్యంతో ఏ సంబంధమూ లేని ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల మధ్య కేసులో కూడా రాజ్యచర్య అడ్డుపడగలదు. బ్యాంకుల కేసుల్లో ఎక్కువ చిక్కు ఇదే తెస్తుంది. బ్యాంకు ప్రైవేటుది, ఖాతాదారు ప్రైవేటు మనిషి, మధ్యలో ఒక ప్రభుత్వ ఉత్తర్వు ఉంటుంది.

క్యూబా డిపాజిట్ల కేసులు దీనికి మంచి ఉదాహరణ. 1958లో, నియంత బటిస్టా పాలన కూలబోతున్న రోజుల్లో, క్యూబాలోని చేజ్ మన్‌హాటన్ శాఖల్లో కొందరు సంపన్నులు డిపాజిట్లు వేసి సర్టిఫికెట్లు తీసుకున్నారు. మర్నాడు ఏమవుతుందో తెలియని దేశంలో, వెనుక న్యూయార్క్ ఉందన్న ధైర్యంతో అమెరికా బ్యాంకును ఎంచుకున్నారు. 1959లో కాస్ట్రో ప్రభుత్వం పాత పాలనతో అంటకాగిన వారి సొత్తు స్వాధీనం చేసుకుంది. చేజ్ శాఖలు ఆ డిపాజిట్ల సొమ్మును ప్రభుత్వానికి అప్పగించాయి. ఏళ్లు గడిచాక డిపాజిటుదార్లు సర్టిఫికెట్లు పట్టుకుని న్యూయార్క్‌లో చేజ్‌ను అడిగారు. మీ డబ్బు క్యూబా ప్రభుత్వం తీసేసుకుంది, మళ్లీ మేం ఎందుకివ్వాలి అంది బ్యాంకు.

ఇలాంటి రెండు కేసుల్లో 1984లో, అదీ న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న రెండు కోర్టుల్లో, రెండు వేర్వేరు జవాబులు వచ్చాయి. ఫెడరల్ అప్పీలు కోర్టు ముందున్న గార్షియా కేసులో, చేజ్ కార్యాలయం ఎక్కడున్నా అక్కడ డబ్బు తీసుకోవచ్చని బ్యాంకు అధికారులు మాటిచ్చినట్టు రుజువైంది. అలాంటప్పుడు బాకీ క్యూబాలో మాత్రమే లేదు. క్యూబా స్వాధీనం చేసుకున్నది చేజ్ డబ్బు, డిపాజిటుదారు డబ్బు కాదు. చెల్లించండి అంది కోర్టు. న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత కోర్టు పెరెజ్ కేసులో దీనికి ఎదురు చెప్పింది. స్వాధీనం నాటికి బాకీ క్యూబాలో ఉంది, క్యూబా ప్రభుత్వం దాన్ని తన గడ్డ మీద తీసుకుంది, ఆ చర్య చెల్లదనే అధికారం మాకు లేదు, బ్యాంకు బాకీ తీరిపోయింది.

రాయి, ఇల్లు, ఓడ ఎక్కడున్నాయో చూపించవచ్చు. బాకీని చూపించలేం. బాకీ ఎక్కడుందన్న ప్రశ్నకు కోర్టు ఇచ్చే జవాబే తీర్పు అయిపోతుంది, ఆ జవాబు కాగితం మీది షరతుల్లో ఉంటుంది: ఏ కరెన్సీ, ఎక్కడ చెల్లింపు, ఏ దేశ చట్టం. విదేశీ బ్యాంకు శాఖలో డిపాజిట్ వేసేవారు వడ్డీ శాతం చదివినంత శ్రద్ధగా ఈ మూడూ చదవరు.

కోస్టారికా కేసు ఇంకా విచిత్రం. 1981లో ఆ దేశం విదేశీ మారకద్రవ్యం బయటికి పోకుండా ఆంక్షలు పెట్టింది. దాంతో ప్రభుత్వ ఆధీనంలోని మూడు బ్యాంకులు కలిసి అప్పిచ్చిన 39 విదేశీ బ్యాంకుల సిండికేటుకు వాయిదాలు ఆపేశాయి. సిండికేటు తరఫున అలైడ్ బ్యాంకు న్యూయార్క్‌లో దావా వేసింది. అప్పు తీసుకోవడం వాణిజ్య వ్యవహారం కాబట్టి సార్వభౌమ రక్షణ వాదన నిలవలేదు. కానీ మేం ఎగ్గొట్టలేదు, మా ప్రభుత్వం చెల్లించొద్దంది, ఆ ఉత్తర్వు తప్పని మీరెలా అంటారు అన్న వాదనకు కింది కోర్టు తలొగ్గింది. ఈలోగా సిండికేటులో మిగతావన్నీ అప్పు తిరగరాసుకోవడానికి ఒప్పుకుంటే ఒక్క బ్యాంకు ఒప్పుకోలేదు, అప్పీలు సాగింది. 1984లో అప్పీలు కోర్టు కోస్టారికా పక్షాన నిలిచింది. దీనితో న్యూయార్క్ బ్యాంకులు ఉలిక్కిపడ్డాయి. అమెరికా ప్రభుత్వం కోర్టుకొచ్చి, అప్పులు చర్చించి తిరగరాసుకోవడం మా విధానం, ఏకపక్షంగా ఆపేయడాన్ని మేం సమర్థించం అని చెప్పింది. 1985లో అదే కోర్టు తన తీర్పు తానే మార్చుకుంది: బాకీ న్యూయార్క్‌లో చెల్లించాల్సింది, కాబట్టి బాకీ న్యూయార్క్‌లో ఉంది, కోస్టారికా ఉత్తర్వు అక్కడిదాకా రాదు. న్యాయం మొదటిసారి ఒకలా, విదేశాంగ శాఖ వివరణ తర్వాత ఇంకోలా ఉండటం చూస్తే ఈ సిద్ధాంతంలో చట్టం ఎంతో, రాజనీతి ఎంతో పాఠకులే లెక్క వేసుకోవచ్చు.

ఇక లండన్ సొమ్ము సంగతి. 1957 తర్వాత అది అలాగే ఉండిపోయింది. ఏడో నిజాం 1967లో కన్నుమూశారు. బ్యాంకు విలీనమై నేషనల్ వెస్ట్‌మినిస్టర్ అయింది. భారత్, పాకిస్తాన్, నిజాం వారసులు రాజీ కుదుర్చుకోవాలన్న ఆలోచన 2008లో భారత కేబినెట్ దాకా వచ్చినా ముందుకు సాగలేదు. పాకిస్తాన్ ఏమీ చేయకుండా కూర్చుంటే డబ్బు ఆ దేశానికి దక్కేది కాదు, కానీ ఇంకెవరికీ దక్కేది కాదు. రక్షణ ఉన్నంతకాలం బలం పాకిస్తాన్‌దే.

2013లో పాకిస్తాన్ హైకమిషనరే వాదిగా బ్యాంకుపై దావా వేశారు. మా ఖాతాలోని డబ్బు మాకివ్వండి అన్నది దావా సారం. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. 1978 చట్టంలోని రెండో సెక్షన్ ప్రకారం తానే కోర్టుకెక్కిన రాజ్యం ఆ కోర్టు అధికారానికి లోబడినట్టే. అంతేకాదు, అదే వ్యవహారం నుంచి ఎదురు దావాలు పుడితే వాటికీ లోబడినట్టే. బ్యాంకు ఈ డబ్బుపై హక్కు చెప్పేవారు ఇంకా ఉన్నారంది. ఎనిమిదో నిజాం ముకర్రం జా, ఆయన తమ్ముడు ముఫఖం జా, భారత ప్రభుత్వం రంగంలోకి వచ్చారు. పొరపాటు అర్థమయ్యాక పాకిస్తాన్ దావా ఉపసంహరించుకుంటున్నట్టు నోటీసిచ్చింది. 2015లో జస్టిస్ హెండర్సన్ ఆ నోటీసును కొట్టేశారు. ఉపసంహరణకు అనుమతిస్తే సార్వభౌమ రక్షణ తిరిగి నిలబడేది, మిగతావారు మళ్లీ 1957లోకి వెళ్లిపోయేవారు. గెలవాలనుకుంటే కోర్టు, ఓడేలా ఉంటే రక్షణ అనే సౌకర్యం రాజ్యానికైనా లేదు. రక్షణను వదులుకోవడం ఒకరోజు పని కాదు, ఆ కేసు ముగిసేదాకా వెంటాడే పని.

రక్షణ పోయాక పాకిస్తాన్ రెండో సూత్రాన్ని పట్టుకుంది. 1948 బదిలీ రెండు ప్రభుత్వాల మధ్య వ్యవహారం, హైదరాబాద్ విలీనం న్యాయమా కాదా అన్నది ఇంగ్లండు కోర్టు తేల్చేది కాదు, కాబట్టి ఈ కేసు విచారణకే తగదు అన్నది వాదన. డబ్బు ఎందుకిచ్చారన్నదానిపై రెండు కథలు వినిపించింది. ఒకటి, సంస్థానానికి అందిన ఆయుధాల ఖరీదు. ఆస్ట్రేలియా పైలట్ సిడ్నీ కాటన్ 1948లో విమానాల్లో హైదరాబాద్‌కు ఆయుధాలు చేరవేసిన మాట చరిత్రలో నిజమే. రెండోది, భారత్ చేతికి చిక్కకుండా దాచమని ఇచ్చిన సొమ్ము.

2019 అక్టోబరు 2న జస్టిస్ మార్కస్ స్మిత్ ఇచ్చిన తీర్పు ఆయుధాల చేరవేతను కాదనలేదు, ఈ డబ్బు వాటి ఖరీదన్న కథను మాత్రం నమ్మలేదు. దాచమని ఇచ్చారన్న కథను నమ్మారు, అదే పాకిస్తాన్‌ను ముంచింది. దాచమని ఇస్తే దాచినవాడు ధర్మకర్త మాత్రమే, యజమాని ఇచ్చినవాడే. రహీంతులా ఆ డబ్బును ఏడో నిజాం కోసం, ఆయన వారసుల కోసం ట్రస్టుగా పట్టుకున్నట్టు లెక్క. రాజ్యచర్య అభ్యంతరం, అక్రమ వ్యవహారమన్న అభ్యంతరం రెండూ వీగిపోయాయి. నిజానికి అడిగిన ప్రశ్న చిన్నది: లండన్ బ్యాంకు ఎవరికి చెల్లించాలి? దానికి జవాబు చెప్పడానికి పోలీసు చర్య చెల్లుతుందా లేదా అని తేల్చనక్కర్లేదు. అదీగాక ఆ డబ్బు హైదరాబాద్‌లోనో కరాచీలోనో లేదు. లండన్ లెడ్జరులో, ఇంగ్లిష్ చట్టం కింద ఉంది. 10 లక్షల పౌండ్లు అప్పటికి దాదాపు 3.5 కోట్లయ్యాయి. వారసులు, భారత ప్రభుత్వం ముందే తమలో తాము ఒప్పందానికి వచ్చేయడంతో, ఎవరి వాటా ఎంతన్నది కోర్టు తేల్చాల్సిన పని లేకపోయింది. ఆ ఒప్పందం వివరాలు బయటపెట్టలేదు.

డబ్బు కావాలనుకున్న రాజ్యానికి రక్షణ ఎందుకూ పనికిరాదని వెనెజులా బంగారం కూడా చూపించింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లోని దాదాపు 190 కోట్ల డాలర్ల బంగారం కోసం అప్పట్లో ఆ దేశంలో అధికారంలో ఉన్న మదురో నియమించిన కేంద్ర బ్యాంకు బోర్డు, బ్రిటన్ గుర్తించిన ప్రతిపక్ష నేత గుయిడో నియమించిన బోర్డు పోటీపడ్డాయి. ఇద్దరూ అడిగేవారే కాబట్టి రక్షణ ఊసే లేదు, వాదనంతా రాజ్యచర్యపైనే. బ్రిటన్ ప్రభుత్వం ఎవరిని దేశాధినేతగా గుర్తిస్తే కోర్టుకు అతనే దేశాధినేత, ఆయన తన దేశంలో చేసిన నియామకాల్ని మేం ప్రశ్నించం అని 2021లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ నియామకాలు చెల్లవన్న వెనెజులా కోర్టు తీర్పుల్ని గుర్తించాలా వద్దా అన్నది తేల్చమని కేసును కింది కోర్టుకు పంపింది. ప్రభుత్వ చర్యకు ఇచ్చే గౌరవం వేరు, న్యాయమూర్తి తీర్పుకు ఇచ్చే గౌరవం వేరు.

కేసు గెలిచినా డబ్బు చేతికొస్తుందన్న నమ్మకం లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, విచారణ రక్షణ పోయినా ఆస్తుల జప్తు నుంచి రక్షణ విడిగా ఉంటుంది. బ్రిటన్ చట్టం ప్రకారం విదేశీ కేంద్ర బ్యాంకు ఆస్తిని వాణిజ్య ఆస్తిగా లెక్కించనే కూడదు. ఎంబసీ నడిపే బ్యాంకు ఖాతాలో వాణిజ్య చెల్లింపులు కొన్ని కలిసినా ఆ ఖాతాను జప్తు చేయలేరని కొలంబియా కేసులో 1984లోనే తేలింది. అందుకే అనుభవమున్న బ్యాంకులు విదేశీ ప్రభుత్వాలతో అప్పు పత్రం రాయించుకునేటప్పుడు రక్షణ వదులుకుంటున్నామన్న వాక్యం రెండుసార్లు రాయించుకుంటాయి, విచారణకు ఒకసారి, జప్తుకు ఒకసారి.

భారతదేశంలో దారి ఇంకా ఇరుకు. మనకు ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 86వ సెక్షన్ ప్రకారం విదేశీ రాజ్యంపై దావా వేయాలంటే కేంద్ర ప్రభుత్వం లిఖితపూర్వక అనుమతి కావాలి. అంటే మన దగ్గర తలుపు దగ్గర నిలబడేది న్యాయమూర్తి కాదు, విదేశాంగ శాఖ అధికారి. విదేశీ ప్రభుత్వ విమాన సంస్థ వ్యాపార ఒప్పందం చేసుకుంటే ఆ రక్షణ దొరకదని 2011లో ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ కేసులో సుప్రీంకోర్టు, ఆర్బిట్రేషన్ అవార్డు (కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పు) అమలుకు ఈ అనుమతి అక్కర్లేదని 2021లో అఫ్గానిస్తాన్ ఎంబసీ కేసులో ఢిల్లీ హైకోర్టు కొంత వెసులుబాటు ఇచ్చాయి. విదేశీ ప్రభుత్వ సంస్థకు సరుకు పంపే మన ఎగుమతిదారు ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు పెట్టించుకోవడానికి ఇది చాలు. ఆ క్లాజు లేనివారి పరిస్థితి ఢిల్లీలో అల్జీరియా ఎంబసీ భవనాలకు మరమ్మతులు చేసిన ఒక కాంట్రాక్టరుకు తెలుసు. బిల్లు బాకీపై దావా వేస్తానంటే విదేశాంగ శాఖ రాజకీయ కారణాలు చూపి అనుమతి నిరాకరించింది. 1986లో సుప్రీంకోర్టు ఆ నిరాకరణను తప్పుబట్టి, అతని అర్జీని చట్టం ప్రకారం మళ్లీ పరిశీలించమని అదే శాఖకు తిప్పి పంపింది.